మా మామ్మ ఢిల్లీ ప్రయాణం

మా చిన్నాన్నది కరెంటు డిపార్ట్‌మెంటు. 1988లో ఆంధ్రా-ఒరిస్సా సరిహద్దులో ఉన్న మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. క్వార్టర్లున్న ఊరి పేరు ఒనకడిల్లీ. ఆ పేరులో ముందు సగం మా మామ్మ నోటికి పట్టేది కాదు. "మా చిన్నోడికి డిల్లీ బదిలీ అయ్యిందమ్మా" అని వీధంతా చెప్పేసింది. ఎదురింటావిడ నిజమే అనుకుని "రాజీవ్‌గాంధీని ఎప్పుడైనా చూసేడేటి పిన్నీ, మీవోడు?" అని అడిగితే, మామ్మ ఏమాత్రం తడబడకుండా "ఆడి డూటీ ఆడిది, ఈడి డూటీ ఈడిది, ఎక్కడ కుదురుద్దే?" అంది.

నేనప్పుడు ఆరో తరగతి. బళ్ళో నేనూ అదే కోత కోశాను. కారులో ఢిల్లీ వెళ్తున్నామనీ, మూడ్రోజుల్లో వచ్చేస్తామనీ. అది సోషల్ మాస్టారి చెవిన పడింది. గోడమ్యాపు దగ్గరికి పిలిచి, కర్ర చేతికిచ్చి, దారి చూపించమన్నారు. ఆ మ్యాపులో ఒనకడిల్లీ లేదు.

1989లో మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి చిన్నాన్న రాలేదు. షిఫ్టు డ్యూటీ, సెలవు దొరకలేదు. విజయనగరంలో పుట్టినవాడు ఏ దేశంలో ఉన్నా దసరా తర్వాత మంగళవారానికి ఊళ్ళో ఉండాలి. అమ్మవారి సిరిమాను తిరుగుతుంటే మూడు లాంతర్ల దగ్గర జనంలో నలగకపోతే ఆ సంవత్సరం గడిచినట్టే కాదు. మామ్మ పండగంతా మూతి ముడుచుకునే ఉంది. పైడితల్లి కుంకుమ ఒక పొట్లం కట్టి, దాన్ని తన ట్రంకుపెట్టెలో చీరల మధ్య దాచింది. "ఆడు రాకపోతే మనమే ఎల్దాం" అంది. నాన్న స్కూలు మాస్టారు. క్యాలెండరు తిరగేస్తే నవంబరు 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 సోమవారం కార్తీక పున్నమి. ఇంకేం కావాలి?

బండే కావాలి. ఆ నెలలోనే ఎన్నికలు. ఊళ్ళో ఉన్న జీపులన్నిటికీ మైకులు కట్టేశారు. నాన్న మూడ్రోజులు తిరిగితే చివరికి ఒక అంబాసిడర్ దొరికింది. ఒకప్పుడు తెల్లరంగు అయ్యుండాలి. దాన్ని ప్రచారానికి ఎవరూ ఎందుకు తీసుకోలేదో మాకు ఘాట్‌రోడ్డులో తెలిసింది.

ముందు సీట్లో డ్రైవరు, నాన్న, నాన్న ఒళ్ళో తమ్ముడు. వెనక అమ్మ, మామ్మ, అప్ప, నేను. మా వైపు అక్కని అప్ప అంటాం, మిగతా జిల్లాలవాళ్ళు నవ్వినా సరే. డిక్కీలో బియ్యం, చింతపండు, పెద్ద డబ్బా నిండా చెగోడీలు, గిన్నెడు పులిహోర. మామ్మ ఒళ్ళో మాత్రం ఒక ఇత్తడి మరచెంబు, ఒక గుడ్డసంచి. ఆ సంచిలో కుంకుమ పొట్లం, ప్రమిదలు, నేతిలో నానేసిన మూడువందల అరవైఐదు వత్తుల కట్ట. సంచి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

తెల్లవారుజామున నాలుక్కి బయల్దేరాం. గంటస్తంభం దగ్గర టీకొట్టువాడు అప్పుడే పొయ్యి ముట్టిస్తున్నాడు. గంట్యాడ దాటేసరికి ఎదురుగా కొండల మీదికి చందమామ దిగుతున్నాడు. ఎస్.కోటలో ఇడ్లీ తిన్నాం. "ఎక్కువ తినకండర్రా, ముందు మలుపులున్నాయి" అని అమ్మ అంటూనే ఉంది. కాశీపట్నం దాటి మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో తమ్ముడు ఆ మాట నిజం చేశాడు. పులిహోర గిన్నె మీద మూత ఉండబట్టి సరిపోయింది. అక్కణ్ణించి అమ్మ నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. అరకు వచ్చేవరకూ తెరవలేదు. అనంతగిరి కాఫీతోటలు, సిల్వర్‌ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియం తీగలు, లోయకి అవతల కొండకి అతుక్కుని వెళ్తున్న కిరండూల్ లైను గూడ్సుబండి, ఇవేవీ అమ్మ చూడలేదు. ఇప్పటికీ అరకు మాటొస్తే "నిమ్మకాయ వాసనొచ్చే ఊరు" అంటుంది.

అనంతగిరి ఇంకా రాకుండానే బానెట్లోంచి పొగ మొదలైంది. డ్రైవరు దిగి, చక్రం వెనక రాయి పెట్టి, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. నీళ్ళు బుస్సుమని లేచి చెట్టంత ఎత్తు చిమ్మాయి. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. హోస్‌పైపు చిరిగిందట. డ్రైవరు సీటు కిందనుంచి పాత సైకిల్ ట్యూబు తీసి, రిబ్బన్లా కోసి, చిరిగినచోట బిగించి చుట్టాడు. అంత తయారుగా ట్యూబు ఉందంటే ఆ పైపు చిరగడం మొదటిసారి కాదని నాన్నకి అర్థమైంది. డ్రైవరు మొహం చూసి ఏమీ అనలేకపోయారు. నేనూ అప్పా పక్క వాగులోంచి క్యాను నింపి మోశాం. మామ్మ రోడ్డుపక్క బండమీద కూర్చుని సింహాచలం అప్పన్నకి దండం పెట్టుకుంటూ "ఈ బండి డిల్లీ చేరితే నీకు తలనీలాలిస్తాను బాబూ" అంది. ఎవరి తలో చెప్పలేదు. మరుసటి ఏడాది గుండు కొట్టించుకున్నది నేను.

సుంకరమెట్ట దాటాక కొండలు వెడల్పయ్యాయి. వలిసె పూల కాలం అది. మడి తర్వాత మడి పసుపు. మామ్మ అద్దంలోంచి తల బయటపెట్టి, "ఎవులో పెళ్ళికి పసుపు దంచి ఆరబోసినట్టుంది" అంది. వలిసెల గురించి తర్వాత చాలామంది రాసింది చదివాను. ఆ మాటని మించింది నాకు దొరకలేదు.

డుంబ్రిగూడ మీదుగా తిరిగి ముంచంగిపుట్టు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, అప్పుడు విశాఖపట్నమే. రోడ్డంటే రోడ్డు కాదు, ఎర్రమట్టి మీద కంకర. ఎక్కడా మనిషి లేడు. "తప్పిపోయాం" అని అమ్మ అనడం, "లేదు" అని నాన్న అనడం, డ్రైవరు మాత్రం ఏమీ అనకపోవడం ఒక గంటసేపు సాగాయి. అప్పుడు ఒక మలుపు తిరగ్గానే కుడిపక్కన చెట్లు ఆగిపోయి నీళ్ళు మొదలయ్యాయి.

జోలాపుట్టు రిజర్వాయరు.

నేను అంతవరకూ చూసిన పెద్ద నీళ్ళు రెండే. భీమిలి సముద్రం, మా ఊరి పెద్దచెరువు. ఇది ఆ రెండూ కాదు. సముద్రానికి అవతలి గట్టు ఉండదు. చెరువుకి గట్టు తప్ప ఇంకేమీ ఉండదు. ఇక్కడ కొండలే నీళ్ళలో నడుము లోతున దిగి నిలబడ్డాయి. కొన్ని మెడదాకా మునిగి, నెత్తిన నాలుగు చెట్లతో దీవుల్లా తేలుతున్నాయి. వానాకాలం నీరంతా నిలవ ఉన్న రోజులు. గాలి లేదు. పైన కొండ ఎంతుందో కింద నీళ్ళలో అంతే ఉంది. తమ్ముడు "ఏది నిజం కొండ?" అని అడిగాడు. అమ్మ నిమ్మకాయ దించి, చాలాసేపటి తర్వాత కళ్ళు పూర్తిగా తెరిచి చూసింది.

ఒనకడిల్లీ చేరేసరికి చీకటి పడింది. చిన్నాన్న వీధిలైటు కింద నిలబడి ఉన్నాడు, మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నాడట. మామ్మ కారు దిగి అటూ ఇటూ చూసింది. వరసగా క్వార్టర్లు, రెండు కొట్లు, ఒక టీ బడ్డీ, చుట్టూ కొండల నల్లటి గోడ. "ఇదేనేట్రా డిల్లీ?" అంది. అంతే, వీధిలో జనమంతా నవ్వారు. సగంమంది తెలుగువాళ్ళు, సగం ఒడియావాళ్ళు. ఆ నవ్వుకి తర్జుమా అక్కర్లేకపోయింది.

చిన్నాన్న మా కోసం నాటుకోడి కొని, గంప కింద మూసి ఉంచాడు. "కార్తీకమాసంలో నీసేట్రా సన్నాసీ" అని మామ్మ తిట్టింది. ఆ కోడి మేమున్న రెండు రోజులూ మా కాళ్ళకి అడ్డంపడుతూ దర్జాగా తిరిగింది. రాత్రి చలి గురించి ఏం చెప్పను? విజయనగరంలో స్వెట్టర్లు ఎవరికుంటాయి? పిన్ని ఇరుగుపొరుగుల నుంచి రగ్గులు అడిగి తెచ్చింది. తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని, కుంపటి చుట్టూ అందరం ఒకే గదిలో పడుకున్నాం. నాన్న, చిన్నాన్న మాత్రం అర్ధరాత్రి దాకా ఎన్నికల గురించి వాదించుకున్నారు. ఇద్దరూ ఒకే పార్టీ అని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది.

మర్నాడు పవర్‌హౌస్. అది ఊళ్ళో ఉండదు, కొండ అడుగున లోయలో ఉంటుంది. దిగడానికి వించ్ ఉంది. కొండవాలు మీద నిలువునా పట్టాలు, వాటి మీద ఒక ట్రాలీ, పైనుంచి ఇనపతాడుతో వదులుతుంటారు. పైన నిలబడి చూస్తే పట్టాలు కొంతదూరం కనపడి, ఆ తర్వాత గాలిలో కలిసిపోయినట్టుంటాయి. అమ్మ ఒక్కసారి తొంగి చూసి "నేను పిన్ని దగ్గర ఉంటాను" అని వెనక్కి తిరిగింది. అప్ప వస్తానంది కానీ ఆఖరి నిమిషంలో చెప్పు తెగిందంది. మామ్మ మాత్రం చీర కుచ్చెళ్ళు బిగించి ఎక్కి కూర్చుంది. "నా కొడుకు రోజూ దిగుతన్నాడు గదా, నాను దిగలేనేటి?" దిగినంతసేపూ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

కింద చిన్నాన్న మాకు అంతా చూపించాడు. డుడుమ దగ్గర నదిని పక్కకి తిప్పి, పెద్ద పెద్ద పైపుల్లో కిందికి దింపుతారు. ఆ తోపుకి మెషీన్లు తిరుగుతాయి. ఆరు యూనిట్లు, మొత్తం 114.75 మెగావాట్లు. 1955 నుంచి నడుస్తోంది. కరెంటులో డెబ్భై వంతులు ఆంధ్రాకి, ముప్పై వంతులు ఒరిస్సాకి అని మొదటి ఒప్పందం. చిన్నాన్న ఈ లెక్కలన్నీ ఆ పవర్‌హౌస్ తనే కట్టినట్టు చెప్పాడు. మెషీను తిరగడం కంటికి కనపడదు. కానీ కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతూ ఉంటుంది, ఆగకుండా. మామ్మ చెప్పులు విప్పేసి వట్టికాళ్ళతో నిలబడి చాలాసేపు ఆ వణుకు చూసింది. "మనింట్లో బల్బు వెలిగేది దీంతోనేనే అమ్మా" అన్నాడు చిన్నాన్న. "బిల్లు మరి ఆ డిల్లీవోల్లకే కట్టాలేటి?" అంది మామ్మ.

డుడుమ జలపాతం కూడా చూశాం. సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. మంచులో నీళ్ళు సగమే కనపడ్డాయి, చప్పుడు మాత్రం మొత్తం వినపడింది. గురువారమైతే సంత ఉండేది, కొండల మీంచి బోండా తెగ గిరిజనులు దిగివస్తారు. సంతకి వచ్చేవాళ్ళ కంటే వాళ్ళని చూడ్డానికి కెమెరాలతో వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారని చిన్నాన్న విసుక్కున్నాడు. మాకు కెమెరా లేదు. ఈ ప్రయాణానికి ఒక్క ఫోటో కూడా లేదు.

పంచాంగం ప్రకారం ఆదివారం రాత్రే పున్నమి ఘడియలు ఉన్నాయని మామ్మ తేల్చింది. పొద్దుట్నుంచీ ఉపవాసం. పిన్ని పెరట్లో అరటిచెట్టు ఒకటి గెల కోసేసింది ఉంది. నాన్న దాన్ని నరికి, పై దొప్పలు ఒలిచి, జానెడు జానెడు ముక్కలుగా కోశారు. దొప్పకి రెండు చివర్లూ మడిచి చీపురుపుల్ల గుచ్చితే చిన్న పడవ అవుతుంది. నేను గుచ్చినవి గుచ్చినట్టే ఊడిపోయాయి. పుల్లని నిలువుగా కాదు, ఏటవాలుగా కుట్టినట్టు గుచ్చాలి. ఆ కిటుకు అప్ప చూపించింది. పదకొండు దొప్పలు తయారయ్యాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని అందరం మళ్ళీ జోలాపుట్టు వెళ్ళాం.

చిన్నాన్న ఆ సాయంత్రమే ఒక మాట చెప్పాడు. గట్టున దిగి నీళ్ళవైపు చెయ్యి చూపిస్తూ, "దీని కింద ఊళ్ళున్నాయమ్మా. డ్యాము కట్టినప్పుడు మునిగిపోయాయి. వేలమంది లేచి వెళ్ళిపోయారంట" అన్నాడు. తనకి మా అందరి ముందూ కొత్త సంగతి చెప్పడం సరదా. మామ్మ దొప్పలో ప్రమిద సర్దుతున్నది ఆగిపోయింది.

"ఊల్లంటే... అమ్మోరు ఉంటాది గదరా. ఆయమ్మని ఏటి సేసారు?"

చిన్నాన్న దగ్గర మెగావాట్ల లెక్క ఉంది కానీ ఇది లేదు. "ఏమో అమ్మా" అన్నాడు. మామ్మ వదల్లేదు. కాస్త దూరంలో ఒక ముసలాయన దోనె ఒడ్డుకి లాగుతున్నాడు. "ఆ బావుని అడుగు" అంది. చిన్నాన్న ఇబ్బందిగా వెళ్ళి, వచ్చీరాని ఒడియాలో అడిగాడు. ముసలాయన దోనె లాగడం ఆపి, మా వైపు చూసి, నీళ్ళ వైపు చూసి, రెండు ముక్కలు చెప్పాడు. చిన్నాన్న తిరిగొచ్చి తెలుగులో చెప్పాడు. "రాయిని కొండమీదికి తెచ్చుకున్నారంట. చెట్టుని తేలేకపోయాం అంటున్నాడు."

ఇది అర్థం కావాలంటే మా ఊరివాళ్ళయి ఉండాలి. మా పైడితల్లి విగ్రహం దొరికింది పెద్దచెరువు నీళ్ళలోనే. విజయనగరంలో పిల్లలందరూ పాలతోపాటు తాగే కథ అది. మాకు చెరువంటే అడుగున అమ్మవారు ఉండగలిగిన చోటు. మామ్మ గుడ్డసంచి విప్పి, నెలరోజులుగా చిన్నాన్న కోసం దాచిన కుంకుమ పొట్లం తీసింది. సగం చిన్నాన్న నుదుటికీ పిన్ని నుదుటికీ పెట్టింది. మిగతా సగం అన్నిటికంటే పెద్ద దొప్పలో ప్రమిద పక్కన పోసింది. ఒత్తుల కట్టని కూడా అందులోనే పెట్టి వెలిగించింది.

మొదటి రెండు దొప్పలూ ఒడ్డు దాటకుండానే బోర్లాపడ్డాయి. నేను చేసినవే. మిగతావి నెమ్మదిగా కదిలాయి. పెద్ద దొప్ప ఒక్కచోటే గింగిరాలు తిరుగుతుంటే ఆ ముసలాయన, ఎవరూ అడక్కుండానే, తెడ్డుతో నీళ్ళని మెల్లగా వెనకనుంచి తోశాడు. అది వెళ్ళింది. తూర్పున కొండ వెనకనుంచి చందమామ అప్పటికి పూర్తిగా పైకొచ్చాడు. నీళ్ళ మీద వెలుగు, ఆ వెలుగులో మా తొమ్మిది దీపాలు. అవతలి కొండల్లో ఎక్కడా ఒక్క బల్బు లేదు. మా విజయనగరం ఇంట్లో లైటు వెలిగించే కొండలవి. నాన్న ఆ మాట పైకి అన్నారు. చిన్నాన్న జవాబివ్వలేదు.

"ఈ నీల్లు ఎక్కడికి పోతాయిరా?" అని అడిగింది మామ్మ. ఇది చిన్నాన్నకి వచ్చిన ప్రశ్న. ఇది కిందికెళ్ళి సీలేరు, సీలేరు వెళ్ళి శబరిలో, శబరి వెళ్ళి గోదావరిలో అని గడగడా చెప్పాడు. "అయితే గోదాట్లో ఒగ్గినట్టే" అని మామ్మ తృప్తిగా తలూపి, మరచెంబు నిండా ఆ నీళ్ళు ముంచి మూత బిగించింది. అప్పుడు పులిహోర తిన్నాం. మామ్మ ముసలాయనకి ఆకులో పెట్టించి పంపింది.

సోమవారం తిరుగు ప్రయాణం సాలూరు వైపు నుంచి. నందపూర్, సిమిలిగూడ, సుంకి. ఆ దారంతా 1936 వరకూ మన విశాఖపట్నం జిల్లానే, జయపురం సంస్థానం. మామ్మ తండ్రి ఎడ్లబండి మీద ఉప్పు ఎక్కించుకుని ఈ ఘాటీ ఎక్కి, చింతపండుతో దిగేవాడట. బండికీ బండికీ మధ్య పులి నడిచేదట. ఆ పులి కథ మామ్మ చెబుతుండగానే మా బానెట్లోంచి మళ్ళీ పొగ లేచింది. చుట్టుపక్కల వాగు లేదు. మా క్యాను ఖాళీ. మామ్మ చెట్టుచాటుకి వెళ్ళింది. నాన్న వెనకసీట్లో వెతికి, దొరికిన నీళ్ళు రేడియేటర్లో పోశారు.

మామ్మ తిరిగొచ్చి నాన్న చేతిలో మూత తీసిన మరచెంబు చూసింది. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. చెంబు లాక్కుని, లోపల చూసి, మూత బిగించి, ఎక్కి కూర్చుంది. సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, ఎక్కడా ఒక్క మాట లేదు. నాన్న గజపతినగరంలో దిగి వేరుశనగకాయలు కొని తెచ్చారు. తీసుకోలేదు. నాన్నకి అప్పుడు నలభై దాటాయి. ముందు సీట్లో తప్పుచేసిన కుర్రాడిలా కూర్చున్నారు.

ఊళ్ళోకి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. పెద్దచెరువు గట్టు రాగానే మామ్మ డ్రైవరు భుజం తట్టింది. "ఆపు బాబూ." ఒక్కతే దిగింది. నేను వెనకే వెళ్ళాను. మెట్టుమీద కూర్చుని మరచెంబు మూత తిప్పి, అడుగున మిగిలిన రెండు గుక్కల నీళ్ళూ చెరువులో వొంపింది. తర్వాత వంగి, నీళ్ళకి దగ్గరగా, ఏదో గొణిగింది. పక్కింటావిడతో గోడమీంచి మాట్లాడేటప్పటి గొంతు అది. చాలాసేపు మాట్లాడింది.

"ఏటి చెప్పేవే మామ్మా?" అన్నాను.

"ఆడోల్ల మాటలు నీకెందుకురా? నడు, బండెక్కు" అంది.